పదకొండో ఇల్లు

పిన్నీ,

మొన్న ఫోనులో నువ్వు "ఇంకా ఆడపడుచు ఇంట్లోనేనా?" అంటే నవ్వేసి ఊరుకున్నాను. పక్కనే వదిన ఉంది మరి. అందుకే ఈ ఉత్తరం.

ఆయనా నేనూ పాపా ఈ దేశం వచ్చి నాలుగు నెలలు. పది ఇళ్ళు చూశాం, పదీ పోయాయి. ఇక్కడ ఇల్లు అద్దెకివ్వాలంటే, మనం ఇప్పుడుంటున్న ఇంటివాళ్ళకి ఏజెంట్లు ఫోన్ చేసి మనమెలాంటివాళ్ళమో కనుక్కుంటారు. మాకైతే ఆ ఫోను వదినకే వెళ్తుంది. "నా తమ్ముడు బంగారమని చెప్పాను" అంటుంది ప్రతిసారీ. ఇల్లు పోగానే నా వీపు నిమిరి, "మన ఇల్లు లేదా అమ్మాయ్, తొందరేముంది?" అని, ఏడాదిన్నర కవలలిద్దరినీ నా చేతుల్లో పెట్టి ఆఫీసుకి వెళ్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా వాళ్ళ ముక్కులు తుడవడం, గంజి తాగించడం నా పని. నా ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం ఆ ఇంట్లో మనీప్లాంటుకి నీళ్ళు పోయడానికి మాత్రం పనికొచ్చింది.

నిన్న పదో ఇంటి ఏజెంటు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. కళ్ళజోడు ముక్కు కొసన పెట్టుకునే పెద్దావిడ. కారణం చెప్పేదాకా కదలనని కూర్చున్నాను. ఫైలు తీసి చదివింది: "పాప గోడలనిండా గీస్తుంది. భార్యకి శుభ్రం తెలియదు. సొంత తమ్ముడని భరిస్తున్నాను."

ఏడుపు రాలేదు పిన్నీ. "వచ్చి మీరే చూడండి" అన్నాను.

ఇవాళ వదిన లేనప్పుడు వచ్చింది. హాల్లో గీతలున్న మాట నిజమే. ఆవిడ మా పాపని గోడ పక్కన నిలబెట్టింది. గీతలన్నీ దాని నడుము దగ్గరే, కవలల చెయ్యి అందే ఎత్తులోనే ఆగిపోయాయి. ఏడేళ్ళ పిల్ల పనిగట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని గీసిందనుకోవాలా? పొయ్యి చూసింది, సింకు కింద చూసింది. "ఇవన్నీ ఎవరు కడుగుతారు?" అంది.

"ఆ శుభ్రం తెలియని భార్యే" అన్నాను.

వేరే ఇల్లు ఇస్తానంది. నీ అల్లుడికి వదిన సంగతి చెప్పలేదు, కుంగిపోతాడు పాపం. విత్తనాలు పరీక్షించే ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చింది, అదీ చెప్పలేదు. సోమవారం వదిన ఆఫీసుకి పైవాళ్ళు వస్తున్నారట, నెలరోజులుగా అదే గోల. సరిగ్గా ఆ పొద్దున, ఆవిడ చెప్పులు వేసుకుంటుండగా మా పెట్టెలు బయట పెడతాను. ఆ ముఖం కళ్ళారా చూడాలి.

నీ పొట్టి

---

పిన్నీ,

చూశాను. అయితే నేను చూడాల్సిన ముఖం వేరే ఉందని అప్పుడే తెలిసింది.

ఇల్లు దొరికిందని ఆదివారం చెబితే నీ అల్లుడు నీళ్ళు నమిలాడు. అలసటేమో అనుకున్నాను. సోమవారం టాక్సీ వచ్చింది. "ఈ పూట వెళ్ళిపోతే పిల్లల్ని ఏం చెయ్యను?" అంది వదిన.

"శుభ్రం తెలియనిదాని చేతుల్లో ఎలా పెడతారు వదినా?" అన్నాను. వారంగా నోట్లో నానుతున్న మాట.

ఆవిడ నన్ను చూడనేలేదు. తమ్ముడి వైపు తిరిగింది. "చెప్పరా. ఎవరు ఫోన్ చేసినా ఏదో ఒకటి చెప్పి తప్పించమన్నది నువ్వు కాదూ? నా పిల్లలకి మనిషి దొరికిందని నేనూ సరేనన్నాను. ఇప్పుడు మాటలన్నీ నేనొక్కదాన్నే పడాలా?"

ఆయన బూట్లకేసి చూస్తూ, "వేరే కాపురమంటే నువ్వు ఉద్యోగమంటావు, ఇంటిపనిలో సగం నన్ను చెయ్యమంటావు. ఇక్కడ అందరికీ సుఖంగా ఉంది కదా అని..." అన్నాడు.

అందరికీ అట. వారంగా నేను జాలిపడింది ఈ మనిషి మీద.

అరవలేదు. టాక్సీలోంచి ఆయన పెట్టె దించి గడపలో పెట్టాను. ఒక కవలని ఆయన కుడిచంకన, ఇంకోడిని ఎడమచంకన ఎక్కించాను. "గంజి పొయ్యి మీదుంది. చిన్నవాడు పదకొండింటికి పడుకుంటాడు, పెద్దవాడు పడుకోనివ్వడు."

"నాకు ఆఫీసుంది" అన్నాడు.

"నాకూ ఉంది" అన్నాను.

అద్దె కాగితం మీద సంతకం నా ఒక్కదానిదే. పాపకీ నాకూ రెండు గదులు. వంటింటి కిటికీ గొళ్ళెం పడదు, గుడ్డ కుక్కాను. నిన్న సాయంత్రం ఆయన వచ్చాడు. చొక్కా భుజం మీద గంజి ఎండిపోయి ఉంది. "నావల్ల కావడం లేదు" అన్నాడు.

"నేను నాలుగు నెలలు చేశాను. నువ్వూ నాలుగు నెలలు చేసి రా, అప్పుడు మాట్లాడదాం" అని తలుపు వేశాను.

నీకు ఫోన్ చేస్తాడు. నా మనసు మెత్తబరచాలని చూడకు పిన్నీ. సోమవారం నించి లెక్కపెడితే ఇంకా మూడు నెలల ఇరవై ఆరు రోజులున్నాయి.

నీ పొట్టి