వాపసు వచ్చిన చెక్క

కదిరి,
14-11-1976

చిరకాల మిత్రుడు నాగన్నకు,

షావలి సలాములు. మీ నాయనకు, చెల్లెలు సిద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. నువ్వు రెండుసార్లు కబురు పంపినా నేను నల్లమాడకు రాలేదు. కోపంగానే ఉంటావు. అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

పోయిన సోమవారం మీ తమ్ముడు బసప్ప ఇక్కడి ఆసుపత్రి దగ్గర కనబడ్డాడు. చిలమత్తూరు వైపు రాళ్ళు కొట్టే పనిలో ఉన్నాడు. బండ జారి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. పక్కన వాడి పెళ్ళాం ఓబులమ్మ కూర్చుని అన్నం కలిపి తినిపిస్తోంది. నేను చేయి సంగతి అడిగితే వాడు నీ సంగతి అడిగాడు. "మా యన్న ఎద్దుల్ని కొన్నాడా? సేద్యం ఎట్ల చేస్తాండాడు?" అన్నాడు.

నాగన్నా, నీ కోడెదూడలకు బసప్ప మందు పెట్టలేదు. అవి మా నూనె మిల్లులో నువ్వు కొన్న చెనిక్కాయ చెక్క తిని చచ్చాయి.

వేరుశనగ నూనె తీశాక మిగిలే మా చెక్క ఏళ్ళ తరబడి ఇంగ్లండుకు, అక్కడి పశువుల దాణాకు పోయేది. పాత కామన్వెల్తు రాయితీ ఉండేది కాబట్టి సుంకం గొడవ లేదు, తనిఖీ కూడా పైపైనే. నాలుగేళ్ళ కిందట వాళ్ళు ఆ ఏర్పాటు విడిచి యూరపు దేశాల ఉమ్మడి బజారులో చేరారు. అప్పట్నుంచి ఆ బజారు నిబంధనలే వాళ్ళవీ. ఏ సరుకు మీద ఎంత సుంకమో మళ్ళీ మొదటి నుంచి తేల్చుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు బూజు. తేమ తగిలిన కాయలో పట్టే బూజు ఒక విషం పుట్టిస్తుందట. కంటికి కనబడదు, దూడల కాలేయాన్ని తినేస్తుంది. అది వాళ్ళు గీసిన గీత దాటితే సరుకు దిగనివ్వరు.

ఫిబ్రవరిలో మేం పంపిన నమూనా ఆ పరీక్షలో తప్పింది. మద్రాసు రేవు నుంచి రెండు లారీల చెక్క మిల్లుకు వాపసు వచ్చింది. షావుకారు పారేయలేదు. "వాళ్ళ పశువులకు పనికిరాకుంటే మన పశువులకు ఏమప్పా? ఇవి రాళ్ళు తిని బతికే జాతి" అన్నాడట. ఇంగ్లీషు ముద్రలు కనబడకుండా గోనెసంచులు తిరగేసి కుట్టించాడట. కరువు కదా, గడ్డిపోచ లేని ఊళ్ళన్నీ వచ్చి ఎత్తుకుపోయాయి. నువ్వూ వచ్చావు.

నీ దూడలు మేత మానేసి, పొట్టలుబ్బి, మూడు వారాల్లో ఒకదాని వెంట ఒకటి పోయాయి. అప్పటికే మీ ఇద్దరికీ బావి నీళ్ళ వంతు తగాదా ముదిరి ఉంది. "మందు పెట్టింది వీడే, ఇంగెవుడు?" అని రచ్చకట్ట మీద నువ్వు వేలు చూపించావు. వాడు బిడ్డ తల మీద చేయి పెట్టి ఒట్టేసినా నమ్మలేదు. ఓబులమ్మ కుండలు వీధిలో పడ్డాయి. ఆ జనంలో నేనూ నిలబడి ఉన్నాను.

వాపసు సరుకు సంగతి ఈమధ్యే, పాత కాగితాలు సర్దుతుంటే తెలిసింది. కొనేవాళ్ళు రాసిన ఇంగ్లీషు ఉత్తరం నకలు ఇందులో పెట్టాను. బడిపంతులు చేత చదివించుకో. వెంటనే పోయి తమ్ముణ్ణి పిలుచుకురా. ఆ చేయి ఇక మడక పట్టి దున్నే చేయి కాదు. కనీసం ఊళ్ళో తలెత్తుకుని నడవనీ.

ఇట్లు,
షావలి

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. మా మిల్లులో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఉత్తరం వచ్చిన రోజే షావుకారుకు చదివి అర్థం చెప్పింది నేను. దూడలకు ప్రమాదమన్న వాక్యం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత పదకొండు రోజులకు నువ్వు బండి కట్టుకొచ్చావు. "షావలీ, దూడలకు పెట్టచ్చునా?" అని అడిగావు. షావుకారు పక్కనే ఉన్నాడు. "పెట్టుకోప్పా, మంచి చెక్కే" అన్నాను. రచ్చకట్ట దగ్గర ఒట్టేసిన తర్వాత బసప్ప నా వైపు తిరిగి, "షావలన్నా, నువ్వన్నా చెప్పు" అన్నాడు. నేను చెప్పులేసుకుని బస్సుకు వచ్చేశాను.