బ్రేకుల్లేని బండి

ఆళ్లగడ్డ,
ఆదివారం.

నా తల్లి జ్యోత్స్నకు నాయన ప్రేమతో రాసేది. ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా ఇక్కడ బాగానే ఉన్నాం. రేసింగ్ నేర్చుకుంటానని కోయంబత్తూరు పోయి, తిండి మానేసి చిక్కిపోతున్నావని మీ అమ్మకు దిగులు. చెనక్కాయల పొడి కట్టి పంపుతోంది. తిను.

"మట్టి ట్రాక్ మీద మలుపు తిరిగేటప్పుడు నీకు భయం వేసేది కాదా?" అని అడిగావు. మొదట్లో చచ్చేంత భయం. నంద్యాలలో నాకు మెకానిక్ పని నేర్పిన హుస్సేన్ పీరా అన్నే నా రేసు బండి కూడా తయారుచేశాడు. మట్టి ట్రాక్ మీద తిప్పే ఆ రకం బండ్లకు బ్రేకులుండవు. పాణ్యం దగ్గర బీడులో గుండ్రంగా తిప్పించేవాడు. "యాడ చూస్తాండావప్పా? చక్రం కాదు, మలుపు చివర చూడు. బండి ఆడికే పోతాది" అని అరిచేవాడు.

తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. కప్పులు ఎన్ని గెలిచానో మీ అమ్మనడుగు, తోమేది ఆమె. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే. బండి ఎడమకు ఒరిగి, వెనక చక్రం జారి, ఇనుప తొడుగు వేసిన కాలు మట్టిని గీసుకుంటూ పోతుంటే చప్పుడంతా ఎటో వెళ్లిపోయేది. సాయంత్రపు ఎండలో దుమ్ము జొన్నపిండిలా లేచేది. నేను నేల మీద లేనట్టే ఉండేది. భుజం విరిగి పందేలు మానేసి ఇన్నేళ్లయినా, మన మెకానిక్ షాపులో స్టూలు మీద కునుకు పడితే చాలు, మళ్లీ ఆ మలుపులోకే పోతాను. అక్కడ నా ముందు ఎవరూ ఉండరు.

అమ్మ బాధపడుతోందని ఈ ఏడు పందెం వదులుకుని, వచ్చే ఏడు దిగుతానని రాశావు. వద్దు తల్లీ. నీ దగ్గర దాచిన మాట ఒకటుంది. ఫోన్లో చెప్పలేక, ఇలా రాస్తున్నాను. నా చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది. పోయింది తిరిగి రాదనీ, మిగిలింది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ నంద్యాలలో కంటి డాక్టరు అన్నాడు. చుక్కల మందు వేసుకుంటున్నాను. నిజం చెప్పనా, భయంగా ఉంది. ఇంత భయం ఏ మలుపులోనూ పడలేదు.

మొన్న మీ అమ్మకు చెప్పేశాను. "బిడ్డ నడిపేది నువ్వు చూడల్ల. నాకూ టికెట్ తీయి. ఏడ్చేదేదో ఆడనే ఏడుస్తా" అంది.

అందుకని ఈ ఏడే దిగు. గెలవకపోయినా నాకేం దిగుల్లేదు. పందెంలో హెల్మెట్ మీద తొడగడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు గుడ్డ ఇస్తారు కదా, నువ్వు మాత్రం పసుపుది అడిగి తీసుకో. దూరం నుంచి, ఆ దుమ్ములో, ఇంకా నా కంటికి ఆనే రంగు అదొక్కటే.

ఇట్లు,
నిన్ను చూడటానికి వస్తున్న
మీ నాయన