ఈపూరు కొలతల పుస్తకం

ఈపూరు,
జూన్ 2

చి. సాత్వికకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోనుండగా ఉత్తరమేందని నవ్వకు. ఫోనెత్తితే మీ పెదనాన్న స్పీకరు నొక్కుతారు. మాస్టారుగా రిటైరయ్యారు గానీ, ఇంట్లో ఏ మాటైనా క్లాసు మొత్తానికీ వినపడాలి ఆయనకి. నువ్వు గుంటూరులో ఫిజియోథెరపీ చదువుతున్నావు గదా, ఒక సంగతి అడగాలి. ఇక్కడ ఒకామె ఉంది. నేను గాదు. ఆమెకి మూత్రం ఆగడంలేదు. ఎవరికీ చెప్పుకోలేక పెళ్ళిళ్ళకి గూడా పోవడం మానేసింది. దీనికేమన్నా దారుందా?

ఇక మా ఇంటి సంగతి. దాచేపల్లిలో మా జాహ్నవి కొడుక్కి ఈ నెల ముప్పైన అన్నప్రాసన. మీ పెదనాన్న మళ్ళీ రానన్నారు. ఆ ఊరి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడదంట! అల్లుడి గడప తొక్కి మూడేళ్ళయింది. ఈసారీ రాకపోతే ఇక జన్మలో పిలవనని పిల్ల ఒకటే ఏడుపు.

ఇట్లు, కుట్టుమిషను ముందు కూర్చునే రాస్తున్న
మీ పెద్దమ్మ మంగతాయారు

తా.క.: నేను గాదు.

*

గుంటూరు,
జూన్ 6

పెద్దమ్మకు నమస్కారాలు.

సరే, నువ్వు కాదు. ఆ ‘ఒకామె’కు చెప్పు, ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, వయసొచ్చింది గదా అని వదిలేయాల్సిందీ కాదు. ఇందులో రకాలున్నాయి. రకాన్ని బట్టి వైద్యం. మా డాక్టరు మేడం మూడు రోజులు ఒక పుస్తకంలో రాయమంది: ఏం తాగింది, ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు ఆగలేదు, అప్పుడేం చేస్తోంది. ఈలోగా ప్యాడ్లు పది పంపుతున్నాను.

ఇంతకీ దాచేపల్లి రానంటోంది పెదనాన్నేనా, లేక ఆయన పేరు చెప్పి నువ్వా?

ఇట్లు, నిన్ను నమ్మినట్టు నటిస్తున్న
సాత్విక

తా.క.: భయపడి నీళ్ళు తాగడం మానేయొద్దని చెప్పు, ఆ ‘ఒకామె’కు.

*

ఈపూరు,
జూన్ 12

చి. సాత్వికకు,

పుస్తకం పంపుతున్నా. ఎవరికీ అనుమానం రాకుండా జాకెట్ల కొలతల పుస్తకంలోనే రాయించా. మిషను పక్కన మేకుకి వేలాడుతుంటే చేతుల కొలతలనుకుంటారు గదా. పెన్నులు మారితే పట్టించుకోకు. ఎర్రసిరా మీ పెదనాన్నది. కనపడిన కాగితమల్లా దిద్దుతారు, చివరికి శుభలేఖలు గూడా.

పార్సిలు ఆయనే తీసుకున్నారు. జాకెట్ల భుజాలకి పెట్టే స్పాంజీలని చెప్పా.

నేనేందే దాచేపల్లి పోనిది? బ్యాగు సర్దుకొని వారమైంది!

ఇట్లు, నీ మీద కోపంగా ఉన్న
పెద్దమ్మ

తా.క.: పది పంపానన్నావు, ఆరే ఉన్నాయి. మీ కాలేజీలో లెక్కలు చెప్పరా?

*

గుంటూరు,
జూన్ 15

పెద్దమ్మా,

నమస్కారాలు తర్వాత. రోజుకు నలభై ఒక్కసారా?

తుమ్మితే పడుతుందట. కుళాయి చప్పుడు వింటే ఆగదట. మోకాళ్ళు పట్టేసి బాత్‌రూము దాకా చేరలేదట. మళ్ళీ అదే మనిషి ఎంతసేపు నిలబడినా రాదట! సోమవారం ఉదయం ఆరూ పదికి ఒకే మనిషి మూడుచోట్ల ఉంది. మా మేడం కళ్ళజోడు తుడుచుకుని, “ఇది మనిషా, మునిసిపాలిటీ పైపులైనా?” అంది.

నువ్వే కదా? నిజం చెప్పు. వెంటనే బయలుదేరి రా. అమ్మకు చెప్పేశాను.

ఇట్లు, నిద్రపట్టని
సాత్విక

తా.క.: “చుట్టుకొలత 38, హుక్సు వెనక” అన్నది జబ్బా, జాకెట్టా?

*

ఈపూరు,
జూన్ 18

ఏమే సాత్వికా,

మీ అమ్మ నా కిడ్నీలు పోయాయని నూజెండ్ల దాకా చుట్టాలందరికీ చెప్పింది. తలా రెండు కొబ్బరిబోండాలు పట్టుకొని పరామర్శకొస్తున్నారు. అన్ని బోండాలు తాగితే నా పని ఏమైపోద్ది? అందుకని చెప్తున్నా, విను.

ఆ ‘ఒకామె’ ముగ్గురం. నీలం పెన్ను పక్కింటి జైనాబ్ బీ, కుళాయి చప్పుడు ఆమెది. నల్లపెన్ను రంగనాయకమ్మ వదిన, మోకాళ్ళు ఆమెవి. పెన్సిలు నాది. తుమ్మినా నవ్వినా నా బతుకంతే. ఎవరి పరువూ పోకూడదని ముగ్గురం కలిసి ఒక్క మనిషయ్యాం. ఎర్రది దిద్దుళ్ళేగా, వదిలెయ్.

ఇట్లు, బోండాల మధ్య
మీ పెద్దమ్మ

తా.క.: నీ అనుమానం మూడో వంతు నిజం.

*

గుంటూరు,
జూన్ 21

మూడో వంతు పెద్దమ్మకు నమస్కారాలు.

మేడం నవ్వి నవ్వి చివరికి చెప్పింది. నీకు మూత్రాన్ని ఆపే కింది కండరాలు వదులయ్యాయి. వాటిని బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయాలి. మిషను కుడుతూ చేసినా ఎవరికీ తెలియదు. జైనాబ్ బీది ఉన్నట్టుండి తొందరపెట్టే రకం. టీలు తగ్గించి, ఒకసారి వెళ్ళడానికీ మళ్ళీ వెళ్ళడానికీ మధ్య వ్యవధి కొద్దికొద్దిగా పెంచుకోవాలి. రంగనాయకమ్మ అత్తకు దూరమే జబ్బు, మంచం పక్కన కమోడు కుర్చీ వేయించండి. ముగ్గురూ ఒకసారి పరీక్ష కూడా చేయించుకోవాలి.

కానీ ఎర్రసిరావి దిద్దుళ్ళు కావు. రాత్రికి ఐదుసార్లు. వెళ్తే రాదు, వచ్చాక చుక్కలు ఆగవు. మూత్రం పూర్తిగా బయటికి పోక నిండి పొర్లే రకమట, ఆలస్యం చేయొద్దంది. “ఈ నాలుగో ఆమెకు మీసాలున్నాయా?” అని కూడా అడిగింది.

ఎవరు పెద్దమ్మా ఆమె?

ఇట్లు, అయోమయంలో
సాత్విక

తా.క.: నేను లెక్కపెట్టి పదే పంపాను. ఆ నాలుగూ ఎవరి దగ్గరున్నాయో వెతుకు.

*

ఈపూరు,
జూన్ 24

చి. సాత్వికకు,

మీసాలున్నాయి.

నీ ఉత్తరం మడిచి, తిన్నగా పోయి మీ పెదనాన్న బడి పెట్టె తెరిచా. పాత హాజరుపట్టీల కింద మూడున్నాయి. నాలుగోది ఆయన ఒంటిమీదుంది. “ఏందండీ ఇది?” అన్నా. పెట్టె మూత వేసి దానిమీదే కూర్చున్నారు.

“ముప్పయ్యేళ్ళు పిల్లలు చిటికెనవేలు చూపిస్తే, బెల్లుకొట్టేదాకా ఆగలేవంట్రా అని కూర్చోబెట్టినోణ్ణి. ఇప్పుడు నాకే ఆగట్లేదని ఎవరికి చెప్పుకునేదే?” అన్నారు. “దుమ్ము గాదు మంగా. బస్సులో మూడు గంటలు కూర్చోవాలి.”

మూడేళ్ళుగా తిట్టినవన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అంతలో ఆయన నిజంగానే చిటికెనవేలు చూపించారు. నాకు నవ్వాగలేదు. నవ్వితే నా సంగతి తెలుసుగా! ఇద్దరం ఒక్కసారే లేచాం. ఉన్నది ఒక్క బాత్‌రూము.

ఇరవయ్యేడున మేడం దగ్గరికి వస్తున్నాం. అక్కణ్ణుంచి దాచేపల్లి. జాహ్నవికి చెప్పా, నమ్మట్లేదు.

ఇట్లు, రెండో బ్యాగు సర్దుతున్న
మీ పెద్దమ్మ

తా.క. (ఎర్రసిరాతో): అమ్మాయ్, నీ ఉత్తరాలన్నీ మీ పెద్దమ్మ కంటే ముందు నేనే చదివాను. పైపులైను అన్నందుకు మేడంగారి మీద నాకు కోపం లేదు. దారిలో బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, దిగితే ఎడమకా కుడికా, కనుక్కుని ఫోన్ చెయ్యి. స్పీకరు నొక్కను.