తాలింఖానాలో తాలింపు లేదని మనవి

నాచారం,
14-7-2009.

ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా తాలింఖానాను హోటలుగా భావించి వేసిన తాళం తీయించుట గురించి.

ఫ్యాక్టరీ కార్మికుడు హన్మయ్య సవినయంగా విన్నవించుకొనునది:

1. మా గల్లీలో ఉస్తాద్ బసవరాజు నడుపు తాలింఖానా కసరత్తుశాల. తాలీం అనగా శిక్షణ, తాలింపు కాదు. దవాఖానాలోనూ ఖానా ఉన్నది, అక్కడ ఎవరూ విస్తరి వేయరు. కోస్తా నుండి కొత్తగా బదిలీపై వచ్చిన తమ ఆఫీసు ఇన్‌స్పెక్టరు గారు బోర్డు చదివి, "లైసెన్సు లేని భోజనశాల" అని నోటీసు అంటించినారు.

2. సదరు వారు మూలనున్న నూనె సీసా వాసన చూసి, "ఈ నూనె ఎన్నిసార్లు వాడతారండీ?" అని అడిగినారు. ఉస్తాద్ అమాయకుడు. "దినాం గిదే సార్. ఎంత వాడితే అంత మంచిది" అన్నాడు. ఆయన చెప్పినది ఒళ్లు మర్దన గురించి. అయినా కేసు బిగిసినది. ఎత్తుడు గుండ్లను పిండి రుబ్బు రాళ్లుగా రాసుకొనిపోయినారు.

3. నా భార్య సాలమ్మకు షుగరు, ఎముకలు గుల్లబారినవి. మందులు వాడుతూనే, తెలిసినవారి దగ్గర బరువులెత్తడం నేర్చుకొమ్మని డాక్టరమ్మ చెప్పినది. కండ గట్టిపడితే షుగరు అదుపులో ఉండునట, బరువు పడితేనే ఎముకకు బలమట. ఉస్తాద్ పొద్దున ఆడవాళ్లకు విడిగా సమయమిచ్చి, ముందు ఖాళీ చేతులతో, తర్వాత ఇసుక సంచీతో, పిదప డంబెల్‌తో నేర్పినాడు. గోడ పట్టుకొని లేచే మనిషి చేతులు ఆన్చకుండా లేచుచున్నది. రాత్రి నిద్ర పట్టుచున్నది. నాపై కేకలు మాత్రం తగ్గలేదు. ఊపిరి పెరిగినందున అవీ పెరిగినవి.

4. తాళం పడినది. నిన్న లేచునపుడు ఆమె చేయి మళ్లీ గోడ వైపు పోయినది. నేను చూడలేదనుకొని వెనక్కి తీసుకున్నది. అయ్యా, నాకు భయమైనది. ఇది ఫిర్యాదు కిందికి వచ్చునో రాదో తెలియదు, అయినా నంబరు వేసినాను.

కావున తాలింఖానా తెరిపించి, సాలమ్మను బరువులు ఎత్తుకొననివ్వవలెనని నా గోడు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హన్మయ్య

తా.క.: ఇది చదివి వినిపిస్తే సాలమ్మ, "సార్‌కు సమజయ్యే వరకు నా బొక్కలు మల్ల గుల్లయితయి. మేం ఆడోళ్లం నలుగురం గూడి తాళంతోని షటర్ లేపుతం" అన్నది. బెదిరింపు కాదు సార్, జర జల్ది తాళంచెవి పంపుండ్రి. అడ్డం నిలబడితే నన్నెత్తి అరుగు మీద కూసోబెట్టి పోయింది. ఈ ముక్క అరుగు మీదినుంచే రాస్తున్న.