రూము 214కు, మా బామ్మర్దికి రాసిచ్చినవి

నేను, ఆకుల లింబాద్రి, తండ్రి గంగారాం, వయసు అరవై ఒకటి, సొంతూరు నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ మండలం, ప్రస్తుతం దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులోని క్యాంపు రూము 214లో ఉంటూ, షుగరు తప్ప వేరే జబ్బు లేకుండా, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతితో ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతవరకు ఎలా రాయాలో ఆఫీసు మురళీ గారు చెప్పారు. మిగతాది నాది. నోటితో చెప్పడం నాకు రాదు. నా తరువాత దీన్ని అమలు చేసే బాధ్యత నా పై మంచం మల్లేశ్‌ది.

1. ఊళ్లోని ఎకరం పది గుంటల భూమి, ఇల్లు నా భార్య లింగవ్వకు చెందాలి. వేరే ఎవరికీ హక్కు లేదు. నా మంచం కింద ఉన్న కొత్త బ్లాంకెట్ కూడా ఆమెకే. చుట్టాల కోసమని దాచకుండా తనే కప్పుకోవాలి.

2. మా బిడ్డ నవతకు నా గడియారం. ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. సరిచేయవద్దు. దాని వల్లే ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా కంపెనీ బస్సు తప్పలేదు.

3. మల్లేశ్‌కు రైస్ కుక్కర్. నీళ్లు తక్కువ పోయాలని షరతు.

4. రాజమౌళి లింగవ్వ తమ్ముడు, నాకు బామ్మర్ది. అతని పెళ్లిలో ఇంటి అల్లుడినైన నా విస్తట్లో పడాల్సిన నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక, ఫోటోలు తీసే అతని విస్తట్లో పడింది. వడ్డించింది రాజమౌళే. ఆ రోజు నుంచి పదకొండేళ్లు అతనితో మాట్లాడలేదు. తరువాత అతనూ ఇక్కడికే పనికి వస్తే, కంపెనీ ఇద్దరినీ ఒకే రూములో వేసినా మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా మల్లేశ్ ద్వారానే అడిగాం.

పోయిన ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం రాజమౌళి లేవలేదు. నడుం నొప్పికి డాక్టరు చీటీ లేకుండా మత్తు గోళీలు తింటున్నాడని రూములో అందరికీ తెలుసు. ఆ రోజు ఎక్కువ మింగాడు. పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. “అంబులెన్సు అస్తే ఎన్కనే పోలీసోళ్లు అస్తరు. రాజన్న జైలుకు, మనం ఇంటికి, ఖలాస్” అని మల్లేశ్ గోళీల అట్టను పారేయబోయాడు. మాట్లాడని మనిషి సంగతి నాకెందుకని నేను కూడా కాసేపు కూర్చున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. తరువాత లేచి ఆ అట్ట లాక్కుని జేబులో పెట్టుకుని అంబులెన్సు నంబరు 998కి ఫోన్ చేశాను.

ఆస్పత్రిలో బుష్రా అనే నర్సు అట్ట చూసి డాక్టరును పిలిచింది. ఈయన నీకేమవుతాడని హిందీలో అడిగింది. “బీవీ కా భాయీ”, నా భార్య తమ్ముడని చెప్పాను. ఆమె రాసుకుంది. పట్టుబడకముందే మనిషి తానే వచ్చి వైద్యం అడిగినా, భార్య గానీ దగ్గరి బంధువు గానీ తీసుకొచ్చి అడిగినా, మత్తు మందు వాడినందుకు కేసు పెట్టరని ఇక్కడి చట్టంలో ఉందట. మురళీ గారు తరువాత చదివి చెప్పారు. రాజమౌళి మీద కేసు కాలేదు. నెలన్నర వైద్యం చేయించుకుని పనికి వచ్చాడు. ఆస్పత్రిలో కళ్లు తెరిచి అతను అన్న మొదటి మాట, “బావా, ఆ బొక్క ఎటు వడ్డదో నేను సూస్కోలే.”

5. నా ఫోన్ రూముకు. ఛార్జింగు ఎప్పుడూ ఉండాలి. చట్టం బంధువు అంటుంది, రూము మనిషి అని అందులో రాయలేదట. అయినా సరే, ఎవరైనా లేవకపోతే ముందు 998, తరువాత భయపడండి. అట్ట పారేయకుండా నర్సు చేతికి ఇవ్వండి. ఈ షరతు తప్పితే రైస్ కుక్కర్ కూడా నవతకు వెళ్లిపోతుంది.

6. నా దినం రోజు కోసే మేకలో నల్లి బొక్క రాజమౌళి విస్తట్లో పడాలి. లింగవ్వ తన చేత్తో వేయాలి. ఫోటోలు తీసే మనిషిని పిలవవద్దు.

సాక్షి సంతకం తానే చేస్తానని రాజమౌళి పట్టుబట్టాడు. వాటా ఉన్నవాడు సాక్షిగా ఉండకూడదని మురళీ గారు ఆపారు. అయితే సంతకం వద్దు, బొక్కే కావాలన్నాడు మా బామ్మర్ది.

తేదీ: 3 నవంబరు 2024, ఆదివారం
సంతకం: ఆకుల లింబాద్రి

సాక్షులు:
కోట మురళీ, కంపెనీ ఆఫీసు
మౌలా సాహెబ్, క్యాంపు మెస్సు వంటమనిషి