కనుక్కునే పద్ధతి గురించి సంజాయిషీ

ప్రిన్సిపాల్ ఐజాక్ గారికి నమస్కారాలు.

మంగళవారం ఎనిమిదో తరగతిలో జరిగినదానికి మీరు సంజాయిషీ అడిగారు. నా ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది కనుక ఏదీ దాచకుండా రాస్తున్నాను.

బీజగణితంలో టీచరు జవాబు చెప్పకూడదు, పిల్లలే కనుక్కోవాలన్నది ఈ ఏడాది మన బడి నియమం. అది చూడటానికి ట్రస్టు పెద్దలు వస్తున్నారని, సోమవారమే ఒకసారి కనుక్కోవడం ప్రాక్టీసు చేయించమన్నారు. చేయించాను. అగ్గిపుల్లలతో వరసగా చతురస్రాలు పేర్చి, n చతురస్రాలకు 3n+1 పుల్లలు కావాలని అందరిచేతా బట్టీ పట్టించాను.

మరునాడు పెద్దల ముందు హెప్సిబాను లేపి పుల్లల లెక్క కనుక్కోమంటే, "నిన్న కనుక్కున్నదే మళ్లీ కనుక్కోవల్లా మిస్?" అంది. వెక్కిరింపు కాదండీ, నిజంగానే అడిగింది.

పెద్దలు వెళ్లాక, భోజనం బెల్లు కొట్టినా ఆ పిల్ల కదల్లేదు. పుల్లలతో త్రిభుజాలు పేర్చుకుంటూ కూర్చుంది. కాసేపటికి, "త్రిభుజాల్ని రెండింతలు చేసి ఒకటి కలిపితే పుల్లల లెక్క వస్తుంది మిస్, ఎన్నుండినా అంతే. కరెక్టేనా?" అంది. అది నేను చెప్పింది కాదు. సంతోషం పట్టలేక అవునని చెప్పబోయాను. అయినా నియమం ప్రకారం, "నువ్వే సరిచూసుకో" అన్నాను. ఫొటో తీయడానికి అప్పుడు ఎవరూ లేరు.

బడి పరువు తీసినందుకు ఆమెకు శిక్ష వేయమన్నారు. మన పద్ధతిలోనే, ఆ శిక్షేమిటో ఆమెనే కనుక్కోమన్నాను. వారం రోజులు ఏడో తరగతికి వెళ్లి బీజగణితం మొదలుపెట్టిస్తుందట. జవాబులు మాత్రం చెప్పదట.

మీ అనుమతి కోసం చూస్తున్నాను.

ఇట్లు,
లెక్కల టీచరు, కాడుగోడి