గాలి పోయినా వెలగని లైట్

నవంబర్ 14, ప్తుయ్

పదకొండేళ్ల ఉద్యోగం పది నిమిషాల్లో పోయింది. తెరెజియా టీచర్ కారుకి పొద్దున నేనే చలికాలం టైర్లు ఎక్కించాను. మధ్యాహ్నానికి ఆవిడ తిరిగొచ్చింది. గాలి తగ్గితే వెలిగే పసుపు లైట్ ఆరడం లేదట. గ్యారేజీ ఓనర్ బొగోమిర్ కస్టమర్లందరి ముందూ నా మీద విరుచుకుపడ్డాడు. చక్రంలో గాలి కొలిచే సెన్సర్ విరగ్గొట్టావు వ్లాస్తా, ఆడదాని చేతికి స్పానర్ ఇవ్వడం నాదే బుద్ధితక్కువ అన్నాడు. విరగలేదు, తొమ్మిదేళ్ల కారు, సెన్సర్ లోపలి బ్యాటరీ అయిపోయింది అన్నాను. సామాన్లు సర్దుకో అన్నాడు.

నవంబర్ 15

వాణ్ని వదలను.

డిసెంబర్ 3

ఊరి చివర ముసలి ఇగ్నాట్స్ గ్యారేజీలో పని దొరికింది. హీటర్ లేదు. టీచర్ కారుకి బొగోమిర్ నాలుగు కొత్త సెన్సర్లు వేశాడట, లైట్ ఆరిపోయిందట. ఇంకేం, తప్పు నాదేనని ఊరు తేల్చేసింది. రొట్టెల కొట్లో అమ్మాయి కూడా, ఈసారి జాగ్రత్తగా చేసుకో అక్కా అంది.

ఫిబ్రవరి 20, సాయంత్రం 4

మారిబోర్ రోడ్డు మీద టీచర్ కారు ముందు టైరు పేలింది. ఆవిడకి భుజం దగ్గర ఎముక విరిగింది. కారుని మా దగ్గరికే లాక్కొచ్చారు. టైరు పేలికలైపోయింది. డ్యాష్‌బోర్డు మీద మాత్రం నాలుగు టైర్లలోనూ గాలి నిండుగా ఉందని చూపిస్తోంది!

ఆ చక్రం దగ్గర సెన్సర్లని పలికించే స్కానర్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. విప్పి చూస్తే లోపల పాత సెన్సరే. ఎక్కడా విరగలేదు, బ్యాటరీ చచ్చింది, అంతే. కారు చుట్టూ తిరిగాను. డిక్కీ దగ్గర నాలుగు సెన్సర్లూ పలికాయి. స్టెప్నీ ఎత్తితే కింద రెండు వైపులా మూసేసిన ప్లాస్టిక్ గొట్టం. కొత్త సెన్సర్లు అందులో పడేసి, గాలి కొట్టి బిగించాడు. ఆ గొట్టంలో గాలినే టైర్లలో గాలి అనుకుంటోంది కారు. సీజన్లో టైర్లు ఊడదీసే ఓపిక లేక.

గొట్టాన్ని ఇగ్నాట్స్ కి ఎత్తి చూపించాను. సంతోషంతో.

ఫిబ్రవరి 21

ఇవాళే వెళ్లి చెప్పు, ఇంకెంతమంది ఇలా తిరుగుతున్నారో అని ఇగ్నాట్స్ పోరుతున్నాడు. మార్చి రానీ అన్నాను. వేసవి టైర్లకి వాడి వాకిలి నిండాలి. నన్ను గెంటింది జనం ముందు.

మార్చి 16

నిండింది. చెయ్యి మెడకి కట్టుకుని టీచర్ కూడా నాతో వచ్చింది. గొట్టాన్ని బొగోమిర్ ముందు పెట్టాను. నాకేం తెలుసు, ఏదో పైపు అన్నాడు. వీడి దగ్గర కొత్త సెన్సర్లు వేయించుకున్నవాళ్లు ఎవరని గట్టిగా అడిగాను. ఐదుగురు చేతులెత్తారు. ఒక్కో కారుకి ఒక్కో టైరులో కొంత గాలి తీసి, నెమ్మదిగా వీధి చుట్టూ ఒక రౌండు వేసి రమ్మన్నాను.

ఒక్క లైటూ వెలగలేదు.

మాంసం కొట్టు సిల్వెస్టర్ తన డిక్కీలోంచి గొట్టం పీకి బొగోమిర్ కాళ్ల మీదికి విసిరాడు. టీచర్ పోలీసులకి ఫోన్ చేసింది. లోపలికి రా వ్లాస్తా, కూర్చుని మాట్లాడుకుందాం అని బొగోమిర్ గొంతు తగ్గించాడు. ఇక్కడే మాట్లాడు, అందరూ వింటారు అన్నాను. వాడి మెడ మీద చెమట చూశాను. కళ్లారా చూశాను.

మార్చి 17

బొగోమిర్ భార్య లూసియా వచ్చింది. తన కారు కూడా చూడమంది. వెనక సీట్లో ఇద్దరు పసిపిల్లల సీట్లు. గాలి తీసి, ఇద్దరం కూర్చుని నెమ్మదిగా ఒక రౌండు వేశాం. లైట్ వెలగలేదు.

ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది అని అడిగింది.

ఫిబ్రవరి ఇరవై అన్నాను.